పరుగు కోసం కాళ్ల బలం: బ్యాండ్లు, కెటిల్‌బెల్, బ్యాలెన్స్ డిస్క్‌లలో డబ్బు దేనికి పెట్టాలి?

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోలు ట్రంక్ రోడ్డులోనో స్పోర్ట్స్ షాపుకు వెళ్లి "పరిగెత్తేటప్పుడు కాళ్లు నిలకడగా ఉండాలి, ఏమైనా సామాను చూపించన్నా" అని అడగండి. కౌంటరు మీదికి దాదాపుగా ఈ నాలుగే వస్తాయి: రంగురంగుల లూప్ బ్యాండ్ల సెట్టు, గాలి కొట్టే బ్యాలెన్స్ డిస్క్, కెటిల్‌బెల్ (పైన పిడి ఉన్న బరువు గుండు), ఫోమ్ రోలర్ (ఒళ్లు దాని మీద దొర్లించుకునే ఫోమ్ గొట్టం). ఆన్‌లైన్‌లో వెతికినా తేలేది ఇవే. ఈ నాలుగింటినీ బ్రాండ్ల వారీగా కాకుండా రకాల వారీగా చూస్తున్నాం. చవక సరుకులో పేరు మారినంతగా వస్తువు మారదు, అందుకే.

ముందు కొలబద్ద ఏమిటో తేల్చుకోవాలి. పరుగులో రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే క్షణం లేదు. ప్రతి అడుగూ ఒంటికాలి మీద దిగడమే. దిగినప్పుడు నేల నుంచి వచ్చే తాకిడి ఒంటి బరువుకు రెండు నుంచి మూడు రెట్లు ఉంటుంది. కానిస్టేబుల్ ఈవెంట్స్‌లో 1600 మీటర్లను 8 నిమిషాల్లో కొట్టాల్సిన అబ్బాయినే తీసుకోండి. నిమిషానికి 170 అడుగుల లెక్కన మొత్తం 1360 అడుగులు, అంటే ఒక్కో కాలికి 680 సార్లు. అన్నిసార్లూ తుంటి పక్కకు జారకుండా, మోకాలు లోపలికి ఒరగకుండా, చీలమండ కూలబడకుండా పట్టి ఉంచే కండరాలే ఇక్కడ మనకు కావలసినవి. కాబట్టి ఏ సామానునైనా రెండే ప్రశ్నలు అడగాలి. ఒంటికాలి మీద నిజంగా భారం పెట్టనిస్తుందా? ఆ భారాన్ని రెండు మూడు వారాలకోసారి కాస్త పెంచుకోనిస్తుందా? రెండింటికీ అవునన్నదే కొనదగ్గది.

లూప్ బ్యాండ్లు

ఇవి రింగులా ఉండే రబ్బరు బ్యాండ్లు. పరిచి చూస్తే దాదాపు 30 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు ఉంటాయి. ఐదూ ఒకే సైజు, మందంలోనే తేడా. ఐదింటి సెట్టు మామూలుగా ఐదువందల లోపే దొరుకుతుంది. పెట్టిన డబ్బుకు ఇంత పని చేసేది ఈ నాలుగింటిలో ఇంకొకటి లేదు. అయితే కొనేముందు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

రంగును నమ్మవద్దు. ఒక కంపెనీ పచ్చది తేలికంటుంది, ఇంకో కంపెనీ అదే పచ్చదాన్ని గట్టిదంటుంది. రంగులకు అందరూ పాటించే కొలత లేదు. డబ్బా మీద "10 కేజీ", "15 కేజీ" అని రాసి ఉన్నా ఎంత సాగదీస్తే అంత బరువో చెప్పకపోతే ఆ అంకెకు అర్థం లేదు, ఎందుకంటే బ్యాండు సాగేకొద్దీ బిగుతు పెరుగుతుంది. అసలు బిగుతు తెలియాలంటే ఇంట్లోనే చూసుకోవచ్చు. బ్యాండును గట్టి కొక్కేనికి తగిలించి, కింద ఖాళీ బకెట్ వేలాడదీసి, చెంబుతో కొలిచి నీళ్లు పోస్తూ పోండి. 30 సెంటీమీటర్ల బ్యాండు 60కి సాగిన చోట ఆపండి. పోసిన నీళ్లు ఎన్ని లీటర్లో అన్ని కిలోలు, దానికి బకెట్ బరువు కలపండి. ఐదింటికీ ఇలా చేసి, ఆ అంకెను బ్యాండు మీదే స్కెచ్ పెన్నుతో రాసుకోండి. రెండింటి మధ్య తేడానే లేదని తేలితే ఆశ్చర్యపోకండి. ఐదింటి సెట్టులో నిజంగా పనికొచ్చేవి మూడే అవుతుంటాయి. అన్నిటికంటే పలుచటిది పరుగు మనిషికి ఒక వారం దాటితే అక్కరలేదు.

వీటితో చేయాల్సిన ముఖ్యమైన పని పక్క నడక. బ్యాండు మోకాళ్లకు కాస్త పైన వేసుకుని, పాదాలు తుంటి వెడల్పున పెట్టి, పిరుదులు వెనక్కి నెట్టి, సగం గుంజీ తీసినట్టు కూర్చోవాలి. అక్కడి నుంచి కుడివైపు 10 నుంచి 12 అడుగులు, అలాగే ఎడమవైపుకు. ఇది ఒక సెట్టు, మొత్తం మూడు. వెనక వచ్చే పాదాన్ని ముందు పాదానికి ఆనించకూడదు, ఆనిస్తే బ్యాండు వదులైపోతుంది. చాలామంది కదిలే కాలే పని చేస్తోందనుకుంటారు. నిజానికి నేల మీద నిలిచిన కాలి తుంటి మీదే ఎక్కువ పని పడుతుంది, పరుగులో జరిగేదీ అదే. అందుకే వెనక కాలిని ఈడ్చకుండా, నిలబడ్డ కాలితో నేలను పక్కకు నెడుతున్నట్టు వేయాలి.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మూడో అడుగుకే నడుం నిటారుగా లేచిపోతుంది. లేచిందంటే పని పిరుదుల నుంచి తొడ పైభాగం ముందు పక్కకు జరిగిపోతుంది. ప్యాంటు జేబు ఉండే చోట మంట పుడుతుంటే అదే గుర్తు. ఇంకాస్త కిందికి కూర్చోండి, కాలివేళ్లు నేరుగా ముందుకు పెట్టండి. అప్పుడు మంట వెనక జేబు వైపుకు మారాలి. మోకాలి పైన తేలికైపోయాక బ్యాండును చీలమండలకు, తర్వాత బూట్ల ముందు భాగానికి దింపుకోవచ్చు. కిందికి దించేకొద్దీ అదే బ్యాండు గట్టిగా అనిపిస్తుంది. అంటే కొత్త బ్యాండు కొనకుండానే బిగుతు పెరిగిందన్నమాట.

రెండో పని తొడ ఎత్తడం. వెల్లకిలా పడుకుని బ్యాండు రెండు పాదాల చుట్టూ వేసి, ఒక మోకాలిని పొట్ట వైపు లాగుతూ రెండో కాలిని నేరుగా చాపి ఉంచాలి. ఒక్కో కాలికి 10 సార్లు. ఎత్తేటప్పుడు నడుం కింద చెయ్యి దూరేంత సందు వస్తే బ్యాండు ఎక్కువ గట్టిదని అర్థం. ఒకవైపు పడుకుని మోకాళ్లు తెరిచే వ్యాయామం కూడా డబ్బాలోని కాగితం మీద బొమ్మ వేసి ఉంటుంది. అది మొదటి రెండు వారాలకు చాలు, అక్కడే ఆగిపోకూడదు. పడుకుని వచ్చిన బలం నిలబడ్డప్పుడు దానంతటదే పనికిరాదు.

ఇక రబ్బరు కష్టాలు. మన తీరంలో ఎండ, ఉప్పుగాలి రెండూ ఉన్నాయి. స్కూటర్ డిక్కీలో వదిలేసిన బ్యాండు, మిద్దె మీద ఆరేసిన బ్యాండు ఎండాకాలం దాటడం కష్టం. రబ్బరు ముందు జిగటగా మారుతుంది, తర్వాత అంచుల్లో సన్నని పగుళ్లు పడతాయి. చెమట పట్టిన బ్యాండును మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కాస్త టాల్కం పౌడరు చల్లి, చీకటిగా ఉండే అలమరలో పెట్టండి. వారానికోసారి వెలుతురుకు ఎదురుగా సాగదీసి అంచు చూడండి. చిన్న గాటు కనిపించినా పారేయాలి. తెగేది ఆ గాటు దగ్గరే, తెగినప్పుడు ముఖానికి కొడుతుంది. ఆడవాళ్లు మెట్టెలు, పట్టీలు తీసి వేసుకోవాలి, లేదా సాక్సు మీదుగా వేసుకోవాలి. మెట్టెల అంచు తగిలితే పాదాల దగ్గర బ్యాండు చిరుగుతుంది. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లు లేటెక్స్ లేనివి అని అడిగి తీసుకోవాలి.

గుడ్డ బ్యాండ్ల మాట. చెమటకు చుట్టుకుపోయి తొడ మీద తాడులా కోసుకోవడం రబ్బరు బ్యాండ్ల పెద్ద జబ్బు. గుడ్డవాటికి అది లేదు, వెడల్పుగా ఉంటాయి, ఎక్కువ కాలం వస్తాయి. కానీ సాగడం తక్కువ. పక్క నడకలో అడుగు చిన్నదైపోతుంది, పాదాల దగ్గర వేసే వ్యాయామాలకు అసలు పనికిరావు. పొట్టి షార్ట్స్ వేసుకుని చేసేవాళ్లు ఒక్క గుడ్డ బ్యాండు, రెండు రబ్బరు బ్యాండ్లు విడిగా తీసుకుంటే సెట్టు కంటే మేలు. మార్కు: 5కి 4.

కెటిల్‌బెల్

డబ్బు సరిపోతే నాలుగింటిలో అన్నిటికంటే ముందు కొనవలసింది ఇదే, అయినా చివర్లో కొనేదీ ఇదే. ఇనుము కిలోల లెక్కన అమ్ముతారు కాబట్టి ధర చూసి వెనక్కి తగ్గుతారు. పైగా "బరువులెత్తితే కాళ్లు బిగుసుకుపోయి స్పీడు తగ్గుతుంది" అనే మాట మన గ్రౌండ్లలో ఇంకా వినిపిస్తుంది. వారానికి రెండుసార్లు, తక్కువ సెట్లతో చేసే బరువుల పనికి కండలు ఉబ్బవు, స్పీడు తగ్గదు. అదే వేగానికి ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది, అది చాలాకాలంగా తెలిసిన సంగతే.

ఎంత బరువు? ఒంటికాలి వంగుడుకు కొత్తగా మొదలుపెట్టే మగవాళ్లకు 8 కిలోలు, ఆడవాళ్లకు 4 నుంచి 6. గుండెలకు ఆనించి పట్టుకుని చేసే గుంజీలకు మగవాళ్లకు 16, ఆడవాళ్లకు 8 నుంచి 12. ఒక్కటే కొనగలిగితే మగవాళ్లు 12, ఆడవాళ్లు 8 తీసుకోవడం తెలివైన పని. తేలికదనిపించిన రోజున బరువు పెంచే మార్గం కింద చెబుతాం, దానికి షాపు అక్కరలేదు.

పోత ఇనుముదే తీసుకోండి. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల సిమెంటు నింపినవి చవకే. కానీ సిమెంటు ఇనుమంత బరువు తూగదు కాబట్టి అదే 12 కిలోలు పెద్ద గుండులా తయారవుతుంది. ఒంటికాలి మీద వంగినప్పుడు అది మోకాలికి తగులుతుంది. కింద పడితే తొడుగు చిట్లి సిమెంటు రాలుతుంది. షాపులోనే పిడిలోకి రెండు చేతుల వేళ్లూ పెట్టి చూడండి, ఇరుగ్గా ఉంటే వద్దు. పిడి లోపలి వైపు అచ్చు కలిసిన గీత మీద బొటనవేలు రాయండి. గరుగ్గా ఉంటే అరచెయ్యి కోస్తుంది. నేల మీద పెట్టి తట్టండి, ఊగితే అడుగు సమంగా లేదు. కొత్తపట్నం, మైపాడు లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో పెయింటు లేచిన చోట తుప్పు త్వరగా పడుతుంది. నెలకోసారి కొబ్బరినూనె గుడ్డతో తుడిస్తే చాలు, పిడిని మాత్రం వాడేముందు పొడి గుడ్డతో తుడవాలి.

దీంతో చేయాల్సినవి మూడే మూడు.

మొదటిది ఒంటికాలి వంగుడు. కుడికాలి మీద నిలబడి బరువును ఎడమచేత్తో పట్టుకోవాలి. మోకాలిని కాస్త సడలించి, తుంటి దగ్గర మడుస్తూ ఒంటిని ముందుకు వంచి ఎడమకాలిని వెనక్కి చాపాలి. వీపు బల్లపరుపుగా ఉండాలి, బరువు మోకాలి కింది దాకా దిగితే చాలు. ఒక్కో కాలికి 8 సార్లు, మూడు సెట్లు. ఇక్కడ జరిగే తప్పు వెనక్కి చాపిన కాలి తుంటి ఆకాశం వైపు తెరుచుకోవడం. ఆ కాలి బొటనవేలు నేల వైపు చూస్తోందో లేదో చూసుకుంటే అది సర్దుకుంటుంది. తూలిపోతుంటే బరువు తగ్గించే ముందు, ఖాళీగా ఉన్న చేతి వేలు ఒక్కటి గోడకు ఆనించండి. పిడికిలి ఆనిస్తే కాలి పని గోడ తీసేసుకుంటుంది.

రెండోది మెట్టు దిగడం. దీనికి మన ఇళ్లలో ఉన్నదే చాలు. ఇంటి మెట్టు ఎత్తు మామూలుగా ఆరేడు అంగుళాలుంటుంది, మొదలుపెట్టడానికి అంతకంటే మంచి ఎత్తు దొరకదు. అంచున ఒంటికాలి మీద నిలబడి, మూడు లెక్కపెట్టేంత నెమ్మదిగా మోకాలు వంచుతూ రెండో కాలి మడమను కింది మెట్టుకు తాకించాలి, బరువు మోపకూడదు, మళ్లీ పైకి లేవాలి. 8 సార్లు, మూడు సెట్లు. ఫోన్‌ను ఎదురుగా నేల మీద నిలబెట్టి వీడియో తీసుకోండి. మోకాలి చిప్ప కాలి రెండో వేలి మీదుగా కదలాలి. బొటనవేలు దాటి లోపలికి వస్తుంటే, లేదా ప్యాంటు నడుం పట్టీ ఒకపక్కకు వాలిపోతుంటే ఎత్తు ఎక్కువైందన్నమాట. కింది మెట్టు మీద ఒక ఇటుక పరిచి దాని మీద మడమ తాకించండి, మూడంగుళాలు తగ్గుతుంది. పదిహేను రోజుల్లో ఇటుక తీసేయవచ్చు. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ మెట్లున్న ఇళ్లవాళ్లకు ఒక హెచ్చరిక: నున్నగా మెరిసే ఆ రాయి మీద చెమట చుక్క పడితే పాదం నిలవదు. మిద్దెకు వెళ్లే సిమెంటు మెట్లు వెతుక్కోండి. మ్యాటు వేసుకుందామనుకుంటే ఆ మ్యాటే జారుతుంది.

మూడోది పిక్కల పని. పరుగు నేర్పేవాళ్లు కూడా దీన్ని చిన్నచూపు చూడటం వింతే, ఎందుకంటే పరుగులో అన్నిటికంటే ఎక్కువ భారం మోసేది పిక్కల లోపలి పొరలోని కండరమే. ముందు పరీక్ష పెట్టుకోండి. మెట్టు అంచున ఒంటికాలి ముందు భాగం మీద నిలబడి, గోడకు వేళ్లు ఆనించి, మోకాలు చాచి పూర్తిగా పైకి లేచి దిగాలి. ఆగకుండా, ఎత్తు తగ్గకుండా 25 సార్లు రావాలి. చాలామందికి 15 దగ్గరే ఎత్తు సగమైపోతుంది. రెండు కాళ్ల మధ్య ఐదారు తేడా ఉంటే తక్కువున్న కాలికి ఒక సెట్టు అదనంగా చేయాలి. 25 వచ్చాక లెక్క పెంచవద్దు, కెటిల్‌బెల్ చేతిలో పట్టుకుని 8 నుంచి 12 సార్లకు దిగండి. ఇది మోకాలు చాచి చేసేది, పైపొరకు. లోపలి పొరకు మోకాలు వంగి ఉండాలి. కుర్చీలో కూర్చుని, పాదం ముందు భాగాన్ని ఇటుక మీద పెట్టి, తొడ మీద మోకాలి దగ్గర బరువుంచి మడమ ఎత్తాలి.

బరువు పెంచే మార్గం కింద చెబుతామన్నది ఇదే. కూర్చుని చేసే ఈ పనికి 12 కిలోల కెటిల్‌బెల్ ఎందుకూ చాలదు, బియ్యం బస్తా చాలుతుంది. నెల్లూరు జిల్లాలో బస్తా లేని ఇల్లు వెతకాల్సిందే. ఇప్పుడు మిల్లుల నుంచి ఎక్కువగా వచ్చేవి 26 కిలోలవి. పాతిక కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యానికి 2022 జూలై నుంచి జీఎస్టీ పడుతోంది కాబట్టి ఒక కిలో పెంచి కుట్టారు. మనకు అది కలిసొచ్చింది. తొడల మీద తువ్వాలు మడిచి వేసి దాని మీద బస్తా అడ్డంగా పెట్టి ముందు రెండు కాళ్లతో 15 సార్లు, రెండు మూడు వారాలయ్యాక ఒంటికాలితో 10 సార్లు. ఇదే బస్తాను గుండెలకు హత్తుకుని గుంజీలు తీయవచ్చు. దించేటప్పుడు మాత్రం నడుం వంచకుండా మోకాళ్లు వంచి దించాలి.

స్కూలు బ్యాగులో ఇసుక నింపుకునే పద్ధతీ ఉంది. పొడి ఇసుక లీటరు దాదాపు 1.6 కిలోలు తూగుతుంది, కాబట్టి ఆరు లీటర్లకు పది కిలోల దాకా వస్తుంది. ఏటి ఇసుకే వాడండి. సముద్రపు ఇసుకలోని ఉప్పు జిప్పును తినేస్తుంది. బాగా ఎండబెట్టి, రెండు పొరల పాలిథీన్ కవరులో కట్టి, బ్యాగులో వీపుకు ఆనేలా సర్దాలి. ఇసుక అడుగుకు జారిపోతే నడుం వెనక్కి లాగుతుంది, బ్యాగు అడుగున పాత బట్టలు కుక్కితే జారదు. దీన్ని వేసుకుని మెట్టు దిగడం చేయవచ్చు, పరుగు మాత్రం వద్దు.

మార్కు: 5కి 5, పోత ఇనుముదైతే. సిమెంటుదైతే 2.

బ్యాలెన్స్ డిస్క్

షాపులో అందరి కళ్లూ పడేది దీని మీదే. దాదాపు 33 సెంటీమీటర్ల వ్యాసం, లోపల గాలి, ఒక వైపు బొడిపెలు. ఎక్కి నిలబడితే చీలమండ గజగజలాడుతుంది, "బాగా పని చేస్తోంది" అనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. ఊగే దాని మీద కాలు పడకుండా నిలబడటానికే సరిపోతుంది, నేలను గట్టిగా నెట్టలేదు, బరువు పట్టుకోలేదు. మనం పెట్టుకున్న రెండు ప్రశ్నల్లో రెండోదాని దగ్గరే ఇది ఆగిపోతుంది. డిస్క్ మీద నిమిషం నిలబడటం వచ్చినవాళ్లు డిస్క్ మీద నిమిషం నిలబడగలరు. రోడ్డు ఊగదు కదా. దాని మీద కెటిల్‌బెల్ పట్టుకుని గుంజీలు తీసే వీడియోలు చూసి ఆ పనికి పోకండి. బలమూ సగమే వస్తుంది, పడితే మాత్రం పూర్తిగా పడతారు.

అలాగని పనికిరానిదేం కాదు. చీలమండ ఒకసారి బెణికినవాళ్లకు మళ్లీ బెణికే అవకాశం ఎక్కువ, నిలకడ సాధన ఆ అవకాశాన్ని తగ్గిస్తుంది. వాపు, నొప్పి తగ్గి, గట్టి నేల మీద ఒంటికాలితో 30 సెకన్లు నిలబడగలిగాక డిస్క్ మొదలుపెట్టవచ్చు. గాలి సగమే కొట్టండి. నిండుగా కొడితే పైకి ఉబ్బి ఎక్కువ ఊగుతుంది. గోడ మూల దగ్గర వేసి, చెప్పుల్లేకుండా ఒక్కో కాలికి 30 సెకన్లు, నాలుగు సార్లు, రోజూ చేయవచ్చు. బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ ఈ మూడు చోట్లా బరువు సమంగా ఉండాలి, వేళ్లు ముడుచుకోకూడదు. టైల్స్ మీద డిస్క్ జారుతుంది కాబట్టి కింద పాత యోగా మ్యాటు ముక్క వేయండి. ఎండలో వదిలితే లోపలి గాలి వ్యాకోచించి అతుకు దగ్గర విడిపోతుంది.

చీలమండ ఎప్పుడూ బెణకని మనిషి దీనికి డబ్బు పెట్టే ముందు గట్టి నేల మీద, చెప్పుల్లేకుండా, ఒంటికాలి మీద కళ్లు మూసుకుని 20 సెకన్లు నిలబడి చూడాలి. అది రానివాడికి డిస్క్ ఇంకా తొందర. వచ్చినవాడికి మైపాడు, కొత్తపట్నం ఇసుక ఉంది. పొడి ఇసుకలో పరుగుకు గట్టి నేల మీద కంటే ఒకటిన్నర రెట్లకు పైగా శక్తి ఖర్చవుతుంది, చీలమండ చుట్టూ ఉన్నవన్నీ పనిలోకి దిగుతాయి. మొదట పది నిమిషాల నడక, తర్వాత ఒక నిమిషం పరుగు, ఒక నిమిషం నడక చొప్పున ఐదుసార్లు. అంతకు మించి మొదటి రోజే పోతే మడమ ఇసుకలోకి దిగి వెనక నరం లాగేస్తుంది, మర్నాడు మంచం దిగేటప్పుడు తెలుస్తుంది. తెగిన వల ముక్కలు, గాలాలు, గాజు పెంకులు ఉంటాయి కాబట్టి తెల్లవారి వెలుతురు వచ్చాకే వట్టికాళ్లతో దిగండి.

తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ సముద్రం వైపు వాలి ఉంటుంది. పోయేటప్పుడు ఒక కాలు పల్లంలో, వచ్చేటప్పుడు రెండోది, అక్కడికక్కడ సరిపోతుంది. రోడ్డు మీద అలా కాదు. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించాలని ఎప్పుడూ కుడి అంచునే పరిగెత్తేవాళ్లకు పోయినా వచ్చినా కుడికాలే పల్లంలో ఉంటుంది, ఎందుకంటే తారు రోడ్డు మధ్యలో ఎత్తుగా, అంచుల్లో వాలుగా వేస్తారు. ఒక పక్క తుంటి మాత్రమే పీకుతోందని డిస్క్ కొనడానికి వచ్చేవాళ్లు ముందు ఆ అంచు వదిలి చెరువు కట్ట మీదో గ్రౌండులోనో రెండు వారాలు పరిగెత్తి చూడటం మంచిది. గ్రౌండులో అయితే ఎప్పుడూ ఒకే వైపు తిరగకుండా, పక్కవాళ్లకు అడ్డం కాకుండా మధ్య మధ్య దిశ మార్చాలి.

మార్కు: బెణికినవాళ్లకు 5కి 4, మిగతావాళ్లకు ఒకటిన్నర.

ఫోమ్ రోలర్ గురించి రెండు మాటలు చాలు. ఒళ్లు నొప్పులకు కాసేపు హాయిగా ఉంటుంది, బలం ఇవ్వదు. గట్టి తువ్వాలు చుట్టి కట్టిన నీళ్ల బాటిల్ ఆ పని చేస్తుంది. ఇసుక నింపిన చీలమండ పట్టీలు కట్టుకుని పరిగెత్తమని ఎవరైనా చెబితే వినవద్దు. కాలి చివర బరువు వేలాడితే ప్రతి అడుగులో తొడ కీలును, మోకాలిని లాగుతుంది, అడుగు తీరు చెడుతుంది.

పొడవాటి బ్యాండు, అంటే 41 అంగుళాల ఒకే రింగు, షాపువాళ్లు అడిగితేనే చూపిస్తారు. నడుం మెలిపడకుండా పట్టి ఉంచే పనికి ఇది బాగుంటుంది. కిటికీ చువ్వకు కట్టి, పక్కకు తిరిగి నిలబడి, రెండు చేతులతో గుండె దగ్గర పట్టుకుని ముందుకు చాచి 10 సెకన్లు ఆపాలి, ఒక్కో వైపు 6 సార్లు. బ్యాండు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పాలని చూస్తుంది, తిరగకుండా ఉండటమే వ్యాయామం. సముద్రం దగ్గరి ఇళ్లలో చువ్వ సిమెంటులోకి దిగే చోట తుప్పు తినేసి ఉంటుంది, ముందు చేత్తో గట్టిగా లాగి చూడండి. తలుపుకు తగిలిస్తే, మీరు లాగినప్పుడు తలుపు మూసుకునే వైపే నిలబడాలి. కొనకపోయినా నష్టం లేదు. ఒకవైపు మోచేతి మీద పక్కకు పడుకుని నడుం ఎత్తి 30 నుంచి 45 సెకన్లు ఆపే పక్క ప్లాంక్ ఉచితంగా దాదాపు అదే పని చేస్తుంది.

ఎప్పుడు, ఎంత

వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు, ఒక్కోసారి 30 నుంచి 40 నిమిషాలు. స్పీడు పని ఉన్న రోజు ఉదయం పరుగు, సాయంత్రం బరువులు పెడితే తేలిక రోజు నిజంగా తేలికగా మిగులుతుంది. దూరం పరుగుకు ముందురోజు కాళ్ల పని వద్దు. వరస ఇలా: పక్క నడక మూడు సెట్లు ఒళ్లు వేడెక్కడానికి, తర్వాత మెట్టు దిగడం, ఒంటికాలి వంగుడు, పిక్కలు, చివర్లో పక్క ప్లాంక్. సెట్టుకు సెట్టుకు మధ్య నిమిషంన్నర విశ్రాంతి. ఆఖరి సెట్టు అయ్యాక ఇంకో రెండు చేయగలననిపించాలి. నాలుగైదు చేయగలననిపిస్తే బరువు చాలలేదు, ఒకటి కూడా రాదనిపిస్తే ఎక్కువైంది.

మొదటిసారి చేశాక ఒకటి నుంచి మూడు రోజులు కండలు పట్టేస్తాయి, అది మామూలే. అందుకే ఈవెంట్స్ వారంలో కొత్తగా మొదలుపెట్టడం అన్నిటికంటే చెడ్డ ఆలోచన. తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. తేదీ వచ్చాక వెనక్కి లెక్కపెట్టుకోండి, చివరి వారం పది రోజుల్లో సెట్లు సగానికి తగ్గించండి. నెల్లూరు వైపు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాను రోజుల్లో గ్రౌండు బురదగా ఉన్నప్పుడు ఈ పునాది వేసుకోవడం తేలిక. రోహిణి కార్తెలో మిద్దె మీద రేకుల షెడ్డు కింద చేయకండి, ఇంట్లో ఫ్యాను కిందే చేయండి.

మోకాలి కింద ముందు ఎముక మీద ఒకే చోట, వేలితో నొక్కితే చురుక్కుమనే నొప్పి ఉంటే, నడిచినా తగ్గకపోతే, అది బ్యాండుతో పోయేది కాదు. పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించుకోవాలి.

చేతిలో వెయ్యి రూపాయలే ఉంటే బ్యాండ్లు తీసుకుని మిగతాది బస్తాతో, బ్యాగుతో నడపండి. ఇంకాస్త ఉంటే 12 కిలోల కెటిల్‌బెల్ కలపండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే కెటిల్‌బెల్‌కు రవాణా ఖర్చు కలిసి ధర పెరుగుతుంది, పిడి గరుకు చేత్తో చూసుకునే వీలుండదు, కాబట్టి ఇనుము ఊళ్లోనే కొనండి. బ్యాండ్లు ఎక్కడ కొన్నా తెచ్చిన రోజే ఒక్కోదాన్నీ రెండింతలు సాగదీసి పది లెక్కపెట్టి వదలండి. పాత పొడవుకు తిరిగి రానిదాన్ని, ఎక్కువ కాలం షాపులో పడి ఉండి జిగటగా తగిలేదాన్ని బిల్లు చేతిలో ఉండగానే మార్పించుకోండి.